ఓస్మో నవ్వని ముప్పై ఏళ్లు

సువొనెన్‌యోకి అనే ఊళ్లో స్ట్రాబెర్రీలు పండించే ఓస్మోకి అక్కడ మహా పేరు. మగవాడంటే అలా ఉండాలి, నవ్వడు, వాగడు అనేవాళ్లు. చర్చి సంఘం సమావేశంలో అతను గడ్డం గుండెల మీదికి వాలిస్తే పెద్దలు దాన్ని అంగీకారంగా రాసుకునేవారు. ఆ లెక్కన చర్చి కొత్త పైకప్పుకి ఓస్మో గురకపెట్టి మరీ ఆమోదం తెలిపాడు. పూటకో కెటిల్ కాఫీ తాగే ఆ చలిదేశంలో పట్టపగలు నిద్రపోగలిగినవాణ్ని స్థితప్రజ్ఞుడనక ఏమంటారు?

అసలు సంగతి అతనొక్కడికే తెలుసు. నవ్వొస్తే ఓస్మోకి మోకాళ్లు వదిలేస్తాయి. పెళ్లి కుదిరిన రోజు కాబోయే భార్య హిల్కా ఏదో చమత్కరిస్తే నవ్వబోయి కాఫీ బల్ల పక్కన కుప్పకూలాడు. తాగొచ్చాడని మామగారు తేల్చేశాడు. తాగుబోతు అనిపించుకోవడం కంటే బండరాయి అనిపించుకోవడం మేలని ఓస్మో ఆ రోజే నిర్ణయించుకున్నాడు.

పాపం, చేసుకున్నది హిల్కాని. ఆమె నోరు విప్పితే ఎదుటివాళ్లు పొట్ట పట్టుకోవాల్సిందే. ఆమె మొదలుపెట్టగానే ఓస్మో మొహం ముడుచుకుని, కట్టెలు తేవాలంటూ షెడ్డులోకి పోయి గోడకి ఆనుకునేవాడు. గాలికి కిటికీ కదిలినా ఉలిక్కిపడి లేచే హిల్కా, పక్కన గుర్రుపెట్టే మొగుణ్ని చూస్తూ ముప్పై ఏళ్లు గడిపింది. ఈ వేసవిలో ఆమెకి ఓపిక చచ్చింది.

"డాక్టరుకి చూపించుకో. రోగమైతే భరిస్తా. రోగం కాదంటే నేనంటే విసుగన్నమాటేగా, మా అక్క దగ్గరికి వెళ్లిపోతా."

ఆమె లేని ఇంట్లో ఓస్మో ఒక్కపూట కూడా ఉండలేడు. మర్నాడే ఆమెని వెంటబెట్టుకుని కువోపియో పట్నంలోని ఆసుపత్రికి బయల్దేరాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. "వెన్నులో నీరు తీసి చూశాం. ఒరెక్సిన్ దాదాపు లేదు. మెదడు తయారుచేసే చిన్న ప్రోటీన్ ముక్క అది. మనిషిని మెలకువగా ఉంచుతుంది. లేకపోతే పగలే నిద్ర ముంచుకొస్తుంది, నవ్వితే కండరాలు వదిలేస్తాయి."

హిల్కా మొగుడి వైపు తిరిగింది. "నవ్వితేనా? అయితే నువ్వు షెడ్డులోకి పరిగెత్తేది..."

"పడిపోతానని," అన్నాడు ఓస్మో నేల చూస్తూ. "మొదట్నుంచీ అంతే."

 హిల్కా డాక్టర్ని అడిగింది, "మరి ఆ ఒరెక్సిన్ ఎక్కువైతే ఏమవుద్ది?"

"ఆందోళనకీ దానికీ సంబంధం ఉందంటున్నారు. ఇంకా పూర్తిగా తేలలేదు."

"తేలకపోవడమేంటమ్మా? దేవుడు ఈయన వాటా కూడా నా బుర్రలోనే పోశాడు. ఇద్దరి మెలకువా నాదే, ఇద్దరి కంగారూ నాదే!"

ఇక్కడ షెడ్డు లేదు. ఓస్మో పెదవి వణికింది, దవడ వేలాడింది, బంగాళాదుంపల బస్తాలా కుర్చీలోంచి నేల మీదికి జారాడు. స్పృహ ఉంది, మాటే లేదు.

చీమ చిటుక్కుమన్నా హడలిపోయే హిల్కా ఈసారి హడలలేదు. చతికిలబడి అతని తల ఒళ్లో పెట్టుకుని భోరుమంది. "ఓరి మొద్దూ, ఇన్నేళ్లూ నా మాటలకి నవ్వుతూనే ఉన్నావన్నమాట! ఇంకోటి చెప్పనా?"

"వద్దు, వద్దు!" అంది డాక్టరమ్మ.

ఓస్మో నోరు కదల్లేదు. కళ్లు మాత్రం చెప్పమన్నాయి.