పిన్ని గీసిన వాలు అక్షరాలు

మా పిన్ని పోయిందని బాబాయి ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. గుండె బలహీనమని తెలుసు. అయినా ఆ మాట విన్నాక చేస్తున్న పని అలాగే వదిలేసి బయల్దేరాను.

రాయపూర్‌లో, దేవేంద్ర నగర్ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పిన్ని హిందీ అక్షరాలు గీసేది. తన ఫాంట్లన్నిట్లోకీ ఒకటే ఊరంతా పాకింది. లావుగా, ఇరుగ్గా, కుడివైపుకి వాలి, పరుగు అందుకోబోతున్నట్టుండే అక్షరాలు. కొంచెం చోటులోనే పెద్ద మాట పట్టేది. బట్టల షాపుల బ్యానర్లు, కబడ్డీ పోస్టర్లు, ట్రావెల్స్ బస్సుల వెనక అద్దాలు, ఎక్కడ చూసినా అవే. నా స్కూటీ వెనక కూర్చుని వాటిని చూస్తూ మురిసిపోవాల్సింది పోయి, "లోపలి ఖాళీ పూడిపోయిందే. ఎంత లావైనా అక్షరానికి ఊపిరాడాల" అని గొణిగేది.

ఒకసారి ఊరవతల సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీవాళ్లు హెచ్చరిక బోర్డులకి ఆ ఫాంటే వాడుకున్నారు. చూద్దామని ఇద్దరం వెళ్లాం. క్రేన్ కింద బోర్డు: పైన బరువు ఉంది, కిందుగా వెళ్లొద్దు. బరువుకి హిందీలో భార్. ఇరుకులో 'భ' మెలిక పూడిపోయి 'మ'లా కనబడుతోంది. మా ముందు నడుస్తున్న కూలీ పైకే చదివాడు.

"ఊపర్ మార్? కిస్కో మార్‌నా హై భాయ్?"

పైన కొట్టడమట, ఎవర్ని కొట్టాలని! పక్కవాడు నవ్వాడు. ఇద్దరూ నవ్వుకుంటూనే క్రేన్ కిందుగా నడిచిపోయారు. పిన్ని నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్లు అటు చేరేదాకా వదల్లేదు.

బోర్డు తీసెయ్యమని అక్కడి మేనేజరుని అడిగింది. అందరికీ అర్థమవుతూనే ఉందని ఆయన అన్నాడు.

"ఏక్ కో భీ సమఝ్ మే నహీ ఆయా తో, సర్?" అంది పిన్ని మెల్లగా, ఒక్కడికి అర్థం కాకపోయినా ఎట్లా అని.

కొత్తవి గీసిస్తే మారుస్తానన్నాడు. అవి తయారయ్యేదాకా పిన్నికి అన్నం సయించలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. సిల్తారాలో ప్రమాదమని ఎవరైనా అంటే, ఏ ఫ్యాక్టరీ అని అడిగేది. బాబాయి ఎంత సర్దిచెప్పినా, "నా చెయ్యి దాటిపోయిన అక్షరాన్ని నేనెక్కడని కాపలా కాయను?" అనేది.

కొత్త బోర్డుకి అక్షరాలని నిటారుగా, విడివిడిగా గీసింది. నేనడిగితే చెప్పింది: "తొందరపెట్టే అక్షరం అమ్మకాలకి పనికొస్తాదే. ఆపే అక్షరం నిలబడి ఉండాల."

కొత్త బోర్డులు పెట్టాక కూడా పిన్ని భయం పూర్తిగా పోలేదు. ఇప్పుడది నాకు పట్టుకుంది. కర్మలు అయిన మర్నాడు ఒక్కదాన్నే సిల్తారా వెళ్లి, కంచె ఇవతల నిలబడ్డాను. బోర్డు మసి కొట్టుకుపోయి ఉంది. తలమీద తట్టతో ఒకావిడ వడివడిగా వస్తోంది. పైన ఇనుప దూలం ఊగుతోంది. పిలుద్దామని చెయ్యెత్తాను. ఆవిడ బోర్డు దగ్గర ఆగింది. పెదాలు కదుపుతూ, కూడబలుక్కుంటూ చదివింది. తట్ట సర్దుకుని, వెనక్కి తిరిగి, గోడ వారగా చుట్టూ తిరిగి వెళ్లింది.