పుచ్చు అన్న మాట

డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు మా కాలేజీలో చర్చా పోటీ పెట్టారు. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే కూలీల రాకను అదుపు చేయాలా, వద్దా అన్నది అంశం. అప్పటికే పలాస జీడి ఫ్యాక్టరీల్లో ఒడిశా వాళ్లు చాలామంది చేరారు. 'చేయాలి' అన్న పక్షాన్ని నేను కోరి తీసుకున్నాను. జీడిపప్పు పొట్టు తీసే మా పిన్నికి ఆ ఏడాదే యజమాని కూలి తగ్గించాడు. అదేమని అడిగితే, తక్కువకు చేసేవాళ్లు గేటు బయటే ఉన్నారన్నాడు. ఆ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పి, "పప్పులో పుచ్చు ఏరినట్టు వీళ్లనూ ఏరి పారేయాలి" అని ముగించాను. హాలంతా చప్పట్లు. మొదటి బహుమతి నాదే.

పిన్ని మురిసిపోయింది. నా ఆఖరి వాక్యాన్ని ఫ్యాక్టరీలో అందరికీ అప్పజెప్పింది.

వారం తిరక్కుండా నా బెంచీలో కూర్చునే అమ్మాయి నన్ను వరండాలో ఆపింది. వాళ్లు ఇంట్లో ఒడియా మాట్లాడుకుంటారు. వాళ్లమ్మ మా పిన్ని పనిచేసే ఫ్యాక్టరీలోనే పప్పు ఏరుతుంది.

"మాయమ్మని అక్కడ ఏటని పిలుస్తన్నారో తెలుసా? పుచ్చు. 'ఓ పుచ్చూ, ఇటు జరుగు' అంటన్నారు."

"నేను విమర్శించింది విధానాన్నే. మీ అమ్మను కాదు" అన్నాను, ఇంకా వేదిక మీదే ఉన్నట్టు.

"కూలి మాటకి నా దగ్గర జవాబుంది. తగ్గించినోడు యజమాని, మాయమ్మ కాదు. ఎంతసేపైనా వాదిస్తాను. పుచ్చుకి ఏటని వాదించమంటావు, సెప్పు? పుచ్చు కాదని రుజువు సూపించాలా?"

ఎదుటివాళ్లకు జవాబు చెప్పే చోటు మిగిల్చినంత వరకే అది వాదన అని పోటీకి ముందు మాకు నేర్పారు. నేను ఆ చోటునే మూసేశాను.

"ఆ మాట నువ్వే అన్నావు. నువ్వే వచ్చి ఆపు" అంది.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లాను. గేటు పక్క వరండాలో ఆడవాళ్లు పొట్టు తీస్తున్నారు. మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పగానే ఆడవాళ్లు గొల్లుమన్నారు.

"ఓలమ్మా, నువ్వు సెప్పిందేగదే! బగుమతి కూడా ఎనక్కిచ్చేత్తావేటి?"

పిన్ని తల దించుకుని పొట్టు తీస్తూనే ఉంది. ఇంతలో ఒకామె లోపలికి కేకేసింది: "ఓ పుచ్చూ! నీకోసం ఎవులో వచ్చినారు."

ఆ పిలుపుకే నా బెంచీ అమ్మాయి వాళ్లమ్మ లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ గబగబా వచ్చి, "ఏటి పాపా, మా పిల్ల పంపిందా?" అని నవ్వుతూ అడిగింది.

క్షమాపణకు మూడు వాక్యాలు సిద్ధం చేసుకుని వెళ్లాను. వాటిలో మొదటిది, నేనెవరో చెప్పే వాక్యం. అదే నోట రాలేదు.

"అవునండీ" అన్నాను.