అక్క మొక్కు

అక్క తన కిడ్నీ నాకిచ్చి రెండేళ్లయింది. అది ఇక పనిచేయదని, మళ్లీ డయాలసిస్ తప్పదని డాక్టరు చెప్పి మూడు రోజులైంది. అక్కకెలా చెప్పాలో తోచక మా ఊరు తిరుమణిలో ఇంటిపట్టునే ఉన్నాను. సోలార్ ప్యానెళ్లు తుడిచే పనికి సెలవు పెట్టి అక్కే వచ్చింది. తలమీది కొంగు తీస్తే నున్నటి గుండు.

“ఏందక్కా ఇది?”

“రెండేండ్లు నువ్వు బాగుంటే గుండు కొట్టించుకుంటానని మొక్కుకున్నా గదప్పా, తీర్చేసినా. ఎట్లుండాది నా కిడ్నీ?”

చెప్పాల్సిన సమయం అదే.

“నీ తలకంటే బాగుండాది,” అన్నాను.

అక్క పగలబడి నవ్వింది. “ఇంకో మొక్కు పెట్టినాలే. ఈతూరి పదేండ్లకు.”

“పదేండ్లేనా? ఇంకొంచెం అడగాల్సింది,” అన్నాను. ఊరుకుంటే ఆమెకు అనుమానం వస్తుంది.