ఎర్ర జెండాల మడి

2022 నవంబరులో ఒక సోమవారం ఉదయం పది నలభైకి మా మట్టి పరీక్షల ల్యాబులో కరెంటు వచ్చింది. అనంతపురంలో ఇది చెప్పుకోదగ్గ సంగతి కాదు. ఆగిపోయిన కెల్డాల్ యంత్రాన్ని మళ్ళీ నడిపించాను. మట్టిలో నత్రజని ఎంత ఉందో చెప్పే యంత్రం అది. మధ్యాహ్నానికి ఫలితాలు చేతికొచ్చాయి. అవి చూశాక, మా ప్రయోగం జరుగుతున్న పొలంలో ఎవరో చాటుగా ఎరువు వేశారని నాకు గట్టిగా అనిపించింది.

నేను అప్పుడు విశ్వవిద్యాలయంలో టెక్నికల్ ఆఫీసర్‌ని. వేరే నగరానికి చెందిన కంపెనీ ఒకటి మా విభాగంతో ఒప్పందం చేసుకుంది. వాళ్ళు తయారు చేసిన హైడ్రోజెల్‌ని మేము వేరుశనగ పంటలో పరీక్షించాలి. హైడ్రోజెల్ అంటే వాన నీటిని పీల్చుకుని, వాన ముఖం చాటేసినప్పుడు వేళ్ళకు మెల్లగా వదిలే గుళికలు. యాడికి అనే ఊరి దగ్గర ఒక రైతు చేనులో పక్కపక్కనే రెండు మడులు తీసుకున్నాం. ఒకదానిలో జెల్ వేశాం, రెండోదానిలో వేయలేదు. వేయని మడిని కంట్రోల్ అంటారు. రెండు మడులకూ జెల్ తప్ప వేరే తేడా ఉండకూడదు. దిగుబడి పెరిగిందని మేము సంతకం చేస్తే ఆ కాగితం చూపించి కంపెనీ రైతులకు అమ్ముకుంటుంది.

పొలం బాధ్యత మాధవిది. కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్. ఆమె జీతం ఆ కంపెనీ ప్రాజెక్టులోంచే వచ్చేది. ప్రాజెక్టు రెండో ఏడాదికి సాగితే ఆమె ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఉండదు. విభాగంలో అందరికీ ఈ సంగతి తెలుసు.

జెల్ మడిలో పంట చూడముచ్చటగా వచ్చింది. కంట్రోల్ మడి ఆ ఊళ్ళో మిగతా చేలలాగే వడిలిపోయింది. అంత తేడా నాకు నచ్చలేదు. విత్తడానికి ముందు, వేసవిలో మడులు కొలిచి, జెల్ వేయబోయే మడికి ఎర్ర జెండాలు నాటిన రోజున తీసిన మట్టిలో రెండింటి సారమూ ఒకటే. కోత తర్వాత తీసిన మట్టిలో జెల్ మడిది బాగా పెరిగింది. జెల్ నీళ్ళు పట్టుకుంటుంది గానీ నత్రజనిని పుట్టించదు.

కంపెనీ తరఫున పొలానికి వచ్చిపోయే వినయ్ మీదికి నా అనుమానం పోయింది. మాధవిని పిలిచి ఫలితాలు చూపించి, అతను యూరియా చల్లించి ఉంటాడన్నాను. ఆమె పొటాష్ అంకె మీద వేలు పెట్టింది.

"యూరియా అంటావా అన్నా? పొటాష్ కూడా పెరిగింది చూడు. యూరియాలో పొటాష్ యాడుంటుంది?"

"అయితే ఇంకేదో వేసినారు."

"నువ్వు నన్ను కూడా అనుమానిస్తాండావా?"

"మట్టి తెచ్చింది నువ్వే కదమ్మా."

ఆమెకు కోపం రాలేదు. "అయితే రేపు నువ్వూ రా. ఇద్దరం పోయి అడుగుదాం" అంది.

మరునాడు వెళ్ళేసరికి ఆ చేను రైతు ఓబుళరెడ్డి ఇంటి ముందు కాయలు ఎండబోస్తున్నాడు. ఎవరైనా ఎరువు వేశారా అని నేను సూటిగానే అడిగాను.

"ఎవురేస్తారు సారూ, ఈడ నేనుండంగా? నా చేన్లోకి వచ్చి ఎరువేసే పుణ్యాత్ముడుంటే చెప్పు, కడమ చేను గూడా సూపిస్తా."

మాధవి వేరేగా అడిగింది. "మేము జెండాలు పెట్టి పోయినాక, విత్తేలోపల చేన్లో ఏం పని చేసినావు రెడ్డీ?"

"ఏముండాదమ్మా. మంద పెట్టించినా, అంతే."

మంద పెట్టించడమంటే గొర్రెల కాపరులను పిలిచి, రాత్రిళ్ళు మందను చేనులో పడుకోబెట్టించుకోవడం. వాటి పెంటికలు, మూత్రం నేలలోకి దిగుతాయి. మా సీమలో మెట్ట చేలకు అంతకు మించిన ఎరువు లేదు.

"యాడ పెట్టించినావు?"

"మీ మడిలోనే. ఎర్ర జెండాలు నాటినారే, ఆడ."

"పక్క మడిలో?"

"ఆడెందుకమ్మా? దానికి జెండాల్లేవు, ఏమీ లేవు. ఉత్తదే కదా అది."

లోపలినుంచి ఆయన భార్య రామలక్ష్మమ్మ వచ్చింది. "మా చేనికి ఎప్పుడన్నా అంత చేసినాడా ఈయప్ప? మీ మడికైతే గొర్లోళ్ళకు దినమూ సంగటి చేయించి పెట్టినాడు. చేసింది నేను."

"నువ్వుండు" అన్నాడు ఓబుళరెడ్డి. "యూనివర్సిటీవోళ్ళు నన్ను నమ్మి పెట్టిన పైరు. నా చేన్లో ఎండిపోతే నాకు నామోషీ కాదా సారూ?"

మా మర్యాద కాపాడాలనుకున్నాడు. మాతో చెప్పుకోవలసిన విషయమని కూడా ఆయనకు తోచలేదు. నేను నవ్వబోయాను. మాధవి నవ్వకుండా అడిగింది.

"కంపెనీవాళ్ళకు తెలుసా?"

"తెలీకేం? గొర్లు ఉన్నెప్పుడే వచ్చినాడు కదా ఆ వినయ్ సారు. తెల్లారి ఇంకా మంద లేపలేదు. ఫోటోలు గూడా తీసుకున్నాడు. బాగుండాదన్నాడు, పోయినాడు."

అనంతపురం తిరిగి వచ్చాం. మాధవి నివేదికలో మంద సంగతి రాసింది. రెండు మడులను పోల్చడానికి వీలులేదని, వచ్చే ఏడాది ప్రయోగం మళ్ళీ చేయాలని రాసింది.

వారం తర్వాత విభాగాధిపతి గదిలో సమావేశం జరిగింది. వినయ్ గౌరవంగానే మాట్లాడాడు. "మంద గురించి మీరు నన్ను అడగలేదు మేడమ్. రైతు తన చేనులో చేసుకునే పనులతో మాకు సంబంధం లేదు."

విభాగాధిపతి మాధవి వైపు తిరిగాడు. "అబద్ధం రాయమని ఎవరూ అనడం లేదమ్మా. ఒక్క పేరా తీసేయమంటున్నారు. నీ రెన్యూవల్ కూడా ఇందులోనే ఉంది, ఆలోచించుకో."

"ఆలోచించుకున్నా సార్. జెల్ పనిచేయదని నేను రాయలేదు. పనిచేస్తుందేమో. ఈ చేను చూసి ఆ మాట చెప్పలేం. ఆ పేరా తీసేస్తే చెప్పినట్టవుతుంది."

ఆమె పేరా తీయలేదు. రెండో ఏడాది ప్రయోగానికి కంపెనీ ఒప్పుకోలేదు, వేరే సంస్థకు వెళ్ళింది. మార్చి తర్వాత మాధవి ఉద్యోగం లేదు. తాడిపత్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. రెండేళ్ళకు జబ్బు చేసి చనిపోయింది. సంతాప సభలో ఆమె ఓపిక గురించి, నవ్వు గురించి మాట్లాడారు. ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ల్యాబులో పనిచేసేవాడిగా నేను ఎప్పుడూ ఎవరో కావాలని చేసిన మోసం కోసం వెతికేవాణ్ణి. ఆ పొలంలో అలాంటి మోసం ఎవరూ చేయలేదు. ఒక రైతు మర్యాద చేశాడు, ఒక కంపెనీ ఉద్యోగి చూసి ఊరుకున్నాడు. అంతమాత్రంతోనే ఒక తప్పుడు నివేదిక దాదాపు తయారైపోయింది. అప్పటినుంచి ఫలితం మరీ బాగుంటే, ఎవరు ఏం చేశారని కాకుండా ఎవరు ఏం చూశారని అడుగుతున్నాను. చాలాసార్లు జవాబు రాదు.

ఇప్పుడు కంపెనీల ప్రయోగాలు వాళ్ళ సొంత క్షేత్రాల్లోనే జరుగుతున్నాయి. మట్టి సీలు వేసిన సంచుల్లో మా ల్యాబుకు వస్తుంది. పరీక్షించి అంకెలు పంపిస్తాం. పొలానికి వెళ్ళి రైతును అడిగి రావడం మా విభాగంలో ఇప్పుడు లేదు.