పసుపు అంటని కాలరు

నిన్న సాయంత్రం హూడిలో మెట్రో ఎక్కితే, నా ముందు నిలబడ్డ కుర్రాడి చొక్కా నుంచి కొత్త బట్ట గంజి వాసన గుప్పున కొట్టింది. రైలు కుదుపుకి అతను పైకడ్డీ పట్టుకున్నాడు. కాలరు వెనక నుంచి ధర చీటీ బయటికి వచ్చింది. చటుక్కున తడుముకుని లోపలికి దోపేసుకున్నాడు. ఆ కాలరు తిప్పి లోపల చూడాలని నా వేళ్ళు ఒకటే దురద. ఆ దురద నాకు అంటించింది శకుంతలక్క. ఆవిడ పోయినా అది మాత్రం నన్ను వదిలిపోలేదు.

శకుంతలక్క వాళ్ళు తాతల కాలం నుంచి బెంగళూరులోనే స్థిరపడ్డ తెలుగువాళ్ళు. హూడి వెనక సందులో రేకుల షెడ్డు వేసి, కుట్టుమిషన్లు పెట్టి, కుర్రకారు వేసుకునే బట్టలు కుట్టించి దుకాణాలకు వేసేది. వీధుల్లో తిరిగి పిల్లలు ఏం తొడుగుతున్నారో చూసి చెప్పడానికి ఆవిడకొక మనిషి కావాలి. బయటి ఊరి నుంచి వచ్చినవాడి కంటికైతేనే ఈ ఊరి వింతలు ఆనతాయని ఆవిడ నమ్మకం. నేను హిందూపురం నుంచి వచ్చినవాణ్ణి. పని అడగడానికి వెళ్ళిన రోజు ఆవిడ నా చదువు అడగలేదు. నా వెనక్కి వచ్చి నిలబడి, కాలరు తిప్పి చూసింది.

“ఈ చొక్కా నీదేనా అప్పా?”

“నాదేనక్కా. మొన్ననే కొన్నాం.”

“పసుపు ఉండాదిలే. సోమారం వచ్చి చేరు.”

మా అమ్మ కొత్త బట్టకు పసుపు చుక్క పెట్టకుండా ఒంటి మీదికి రానివ్వదు. ఆ చుక్కకు ఉద్యోగమొస్తుందని అమ్మా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

మొదట్లో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వీధులు చూసి నాకు మతి పోయింది. ఇద్దరు పట్టేంత వదులు ప్యాంట్లు. మెడలో ముత్యాల దండలేసుకున్న మగపిల్లలు. అవ్వ పట్టు రవికెను జీన్స్ మీదికి తొడిగిన ఒకమ్మాయి. ఏ దేశం జట్టుదో తెలియని ఫుట్‌బాల్ బనియన్లు వేసుకుని గుంపులు గుంపులుగా కాఫీ తాగే పిల్లలు. ఫోను నిండా ఫోటోలు తీసుకుని సంబరంగా వెళ్తే, శకుంతలక్క వాటిని పెద్దవి చేసి చేసి చూసి పెదవి విరిచేది. “వీళ్ళు తొడుక్కున్నారా, ఎవురన్నా తొడిగించినారా?” అనేది. నాకు ఒళ్ళు మండేది. ఎండలో తిరిగి వచ్చినవాడి మాట ఒక్కటైనా నమ్మకపోతే ఎవరికి మాత్రం మండదు? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

“ఒగసారి నమ్మినానప్పా,” అంది. “వీదంతా పూల చొక్కాలే. షెడ్డు నిండా కుట్టిస్తిని. యాడ్ తీసేవాళ్ళు తెచ్చి తొడిగించిన గుంపని తర్వాత తెలిసె. ఒగటీ అమ్ముడుపోలే. ఆ యేడు మిషన్ల మింద పన్జేసే ఆడోళ్ళంతా ఇండ్లల్లో కూర్చుండ్రి. ఇంగోసారి అట్లయితే షెడ్డు మూసుకోవాల్సిందే.”

ఆవిడ ఈ మాట చెప్పిన ఏడాదే నేను గళ్ళ చేనేత చొక్కాల వెంట పడ్డాను. పొట్టిగా, వదులుగా, రెండు పెద్ద జేబులతో ఉండేవి. అవే కుట్టిద్దామని ప్రాణం తీశాను. నా మాట తప్పయితే మూతపడేది షెడ్డు. అందుకే ఆవిడే స్వయంగా వస్తానంది. ఆదివారం సాయంత్రం హెచ్‌ఎస్‌ఆర్‌లో ఒక కాఫీ హోటలు ముందు నిలబడ్డాం. గళ్ళ చొక్కా కనబడితే చాలు, వెనకనుంచి వెళ్ళి, “కాలరు మడిసిపోయింది చూడు కందా” అంటూ సర్దుతున్నట్టు లోపల చూసేది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మొదటివాడి కాలరు లోపల ధర చీటీ పిన్నీసుతో దాచి ఉంది.

“ఫోటో తీసుకుని రిటర్న్ పెట్టేస్తా ఆంటీ,” అన్నాడు వాడు నవ్వుతూ. ఆ తర్వాతవాడిదీ అదే కథ.

“పసుపు పెడితే మరకవుతుంది, అంగడోడు వాపసు తీసుకోడు,” అంది శకుంతలక్క నాతో. “నాదీ అనుకున్నోడే పెడతాడు. ఇప్పుడు తెలిసిందా?”

అంతలో మెడలో ఆసుపత్రి కార్డు వేలాడుతున్న ఒకమ్మాయి అదే గళ్ళ చొక్కాలో వచ్చి కాఫీ తీసుకుంది. అక్క ఆమె కాలరూ సర్దింది. చీటీ లేదు, పసుపూ లేదు.

“చీటీ ఇంగ్యాడో దాచింది. ఇదీ వాపసు పొయ్యేదే,” అంది నా వైపు తిరిగి.

“ఏంటండీ వాపసు పోయేది?” అంది ఆ అమ్మాయి. మనిషి తెలుగే. గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు, పేరు మెర్సీ.

“కొత్త బట్టకు పసుపు పెట్టలేదు గదమ్మా,” అంది అక్క తగ్గకుండా.

“మేం క్రైస్తవులమండీ. ప్రార్థన చేసుకుని తొడుక్కుంటాం. పసుపెందుకు పెడతాం?” అని మెర్సీ చెయ్యెత్తి చంక కింద చూపించింది. అక్కడ వేరే రంగు దారంతో కుట్టిన అతుకు ఉంది. “డ్యూటీ దిగితే రోజూ ఇదే. జేబుల్లో ఫోను, తాళాలు అన్నీ పడతాయని హాస్టల్లో అందరం కుట్టించుకున్నాం. తిరిగిచ్చేసే బట్టకి ఎవరైనా అతుకేస్తారా అండీ?”

శకుంతలక్క ఆ అతుకును వేలితో తడిమి చూసింది. “తప్పయిందమ్మా,” అంది. ఆవిడ నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. తిరిగి రావడానికి ఆటో ఎక్కాం. బెళ్ళందూరు దాటాక మెల్లగా అంది.

“మా ఇంటి పసుపు పట్టుకోని ఊరంతా కొలిచినానప్పా. గళ్ళ బట్ట తెప్పించు. ఎంత కావాల్నో నువ్వే చెప్పు.”

ఆ రాత్రి నాకు భయంతో నిద్ర పట్టలేదు. కానీ చొక్కాలన్నీ అమ్ముడుపోయాయి, మిషన్లు ఆగలేదు. ఆ సంతోషంలో ఆవిడకొక చీర కొన్నాను. నిజానికి అది తెలివితక్కువ పనే. పండగకు బట్టల వ్యాపారులు ఏం తెచ్చిచ్చినా, “ఊరికే ఎవురిస్తారప్పా?” అని ఆ సాయంత్రమే తిప్పి పంపే మనిషి ఆవిడ. నా చీర విప్పి, అంచు లాగి చూసి, “బిల్లు ఉండాదా?” అంది. మనసు చివుక్కుమన్నా బిల్లు తీసి చేతిలో పెట్టాను. చీర అంగడికి చేరిపోయిందనే అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆవిడ ఆ చీరే కట్టుకుని షెడ్డులోకి వచ్చింది. మిషన్ల మధ్య వంగి కుట్లు చూస్తుంటే కొంగు చివర నా కంటబడింది. అక్కడ పసుపు చుక్క ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి.

“అక్కా, ఆ బిల్లు?” అన్నాను.

“యాడో పారేసినా. దాంతో ఏం పని? పో, బట్ట దించుకోపో,” అంది తలెత్తకుండా.

ఇప్పుడు ఆ షెడ్డు నేనే చూసుకుంటున్నాను. గుంపు కనబడితే ఇప్పటికీ నా కన్ను కాలరు మీదికే పోతుంది, ఆ వెంటనే చంక కింద అతుకును వెతుకుతుంది. ఈ ఊళ్ళో ఎవరి వేషాన్నీ తొందరగా నమ్మను. ఆవిడ నన్ను నమ్మిందన్న సంగతిని మాత్రం ఒక్కరోజు కూడా అనుమానించలేదు.