పిన్ని చదివి వినిపించిన పత్రిక

మా పిన్ని పోయింది. బాపట్లలో, మామయ్యగారింట్లో, మొన్న శుక్రవారం పొద్దున్నే. తెనాలిలో నాకు కబురు మోసుకొచ్చింది ఆవిడ పత్రిక అచ్చేసిన ప్రెస్సు యజమాని. గుమ్మంలో నిలబడి "అమ్మాయ్, మీ పిన్నిగారు ఇక లేరటమ్మా" అని, నేను నోరు తెరిచేలోపే అరుగు మీద కూలబడి ఏడ్చాడు. ఆయనకి మంచినీళ్ళిచ్చి, ఓదార్చి పంపేదాకా నాకు ఏడుపు రాలేదు. తర్వాత వచ్చింది. ఇప్పటికీ ఆగడం లేదు.

మీలో కొందరికైనా "వినవే అక్కా" గుర్తుండే ఉంటుంది. గుర్తులేకపోతే మీ తప్పేం లేదు లెండి, అదేం పెద్ద పత్రిక కాదు. బడిలో పాఠాలు చెప్పుకునే మా పిన్ని పందొమ్మిది వందల అరవైల చివర్లో తన ఇంటి వసారాలో మొదలుపెట్టిన మాసపత్రిక. "ఈ ఊళ్ళో వీధికో పత్రిక ఏడిసింది, ఇంకోటి ఎందుకే?" అని మా అమ్మ కేకలేసింది.

"చదువురాని ఆడవాళ్ళ కోసం అక్కా."

"చదువురాని వాళ్ళకి పత్రికేంటే, నీ మొహం!" అని అమ్మ నవ్వింది. పిన్ని నవ్వలేదు. "అక్షరాలు రాకపోతే వాళ్ళకి చెవులు లేవా? మనకి నోరు లేదా?" అంది.

మొదటి సంచిక చూసుకుని ఎంత మురిసిపోయామో! పెద్ద పెద్ద పండితుల చేత రాయించాం. ఆదివారం రేపల్లె పాసింజరెక్కి, అక్కణ్ణించి బస్సులో సముద్రం వైపు, పిన్నికి తెలిసిన జాలరిపేటకి వెళ్ళాం. ఎండుచేపలు ఏరుతున్న ఆడవాళ్ళు మర్యాదగా చుట్టూ చేరారు. పిన్ని చదువుతుంటే రెండో పేరా దాటేసరికి ఒకావిడకి పొయ్యి గుర్తొచ్చింది. ఇంకొకావిడకి పిల్లాడు గుర్తొచ్చాడు. చివరికి పోలమ్మ అనే పెద్దావిడ ఒక్కతే మిగిలింది, ఆవిడా కునుకు తీస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. పిన్ని మాత్రం తిరుగు రైల్లో వేమూరు దాకా పడీ పడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఇక చెవికి నచ్చందే అచ్చుకి ఇవ్వను" అంది.

అన్నంత పనీ చేసింది. ప్రతి నెలా టైపు పేర్చి తీసిన ప్రూఫులు సంచీలో వేసుకుని ఆ పేటకి పోయేది. కుర్చీ తెస్తే వద్దని ఇసకలోనే చతికిలబడేది. చదువుతుంటే ఎక్కడ ఎవరు లేస్తే అక్కడ పెన్సిలుతో గీత. మర్నాడు ఆ గీతలు చూసి కంపోజిటరు లబోదిబోమనేవాడు. "పేర్చిన టైపు పీకించడం మీకు సరదానా అండీ?" అంటే, "ఏం చేస్తాం బాబూ, పోలమ్మ లేచిపోయింది" అనేది, పోలమ్మే సంపాదకురాలైనట్టు.

పత్రిక చివరి రోజుల్లో అందులో నా సీరియల్ వచ్చేది. సుబ్బులు అనే పిల్ల కథ. కష్టాలన్నీ పడి ఆఖర్న కాలవలో దూకి చచ్చిపోతుంది. రాస్తూ నేనే వెక్కి వెక్కి ఏడ్చాను, అంత బాగా వచ్చిందనుకున్నాను. పేటలో చదివితే ఒక్కరూ కదల్లేదు. పోలమ్మ మాత్రం కస్సుమంది. "ఇదేంటి పంతులమ్మా? ఇన్నాళ్ళూ మా ఎంట తిప్పి, ఇప్పుడు నీళ్ళలో తోసేత్తారా?" ఆవిడ కోడలు నూకాలు, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, "ఈదుకుంటా ఒడ్డుకి రాకూడదా అండీ?" అని మెల్లగా అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కథ నాదా, వాళ్ళదా?" అన్నాను.

"రాసింది నువ్వే. పెంచింది వాళ్ళు" అంది పిన్ని.

మూతి ముడుచుకునే తిరగరాశాను. సుబ్బులు ఒడ్డెక్కింది. సంచిక అచ్చయింది.

ఇంకా పేటకి తీసుకెళ్ళనేలేదు, ఉప్పెన వచ్చింది.

ఏం రాయను? పేట లేదు. కాగితం మీది పిల్లని నీళ్ళలో పడనివ్వని మనుషుల్ని నీళ్ళు ఎత్తుకుపోయాయి. పోలమ్మ పోయింది, ఆవిడ కొడుకు పోయాడు. మిగిలిన నలుగురూ చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. పిన్ని మళ్ళీ సంచిక తేలేదు. చందాదారులు అడిగారు, ప్రెస్సాయన బతిమాలాడు. "ఎవరికి చదివి చూడను?" అని ఒక్కసారి అంది, అంతే. బాపట్ల బదిలీ చేయించుకుని వెళ్ళిపోయింది. అక్కడ బడికి వెళ్ళేది, వచ్చేది, పలకరిస్తే పలికేది. నా పిన్ని సగం అప్పుడే పోయింది. మిగిలిన సగం ఉన్నా చాలనుకున్నాను, అదీ దక్కలేదు.

ఆ చివరి సంచిక సంగతి చెప్పకుండా ఆపలేను.

ఉప్పెన తర్వాత బట్టలూ బియ్యం పట్టుకుని రేపల్లె వెళ్ళాం. పేటల్లో మిగిలిన జనాన్ని ఒక బడిలో పెట్టారు. పిన్ని ప్రతి గదిలోకీ వెళ్ళి పోలమ్మ పేరు చెప్పి అడిగింది. ఆఖరి గదిలో గోడవారగా నూకాలు కనపడింది. ఏడవలేదు. పిన్ని సంచీ వైపే చూసింది.

"అచ్చయిందా అండీ?"

పిన్ని తలూపింది.

"చదవండి. ఆ పొద్దు గూడా మా అత్త అడిగింది, పంతులమ్మ ఎప్పుడొచ్చి చెబుద్దో అని."

పిన్ని నేల మీద కూర్చుంది. సంచీలోంచి పత్రిక తీసింది. చదవడం మొదలుపెట్టింది. సుబ్బులు జమ్ము దుబ్బు పట్టుకుని ఒడ్డు మీదికి పాకే చోట నూకాలు పిన్ని చీరకొంగు పట్టుకుంది. చదవడం అయిపోయింది. స్టేషన్లో తెనాలి పాసింజరు కూత వినపడితే నేను లేచాను. చూస్తే నూకాలు నిద్రపోతోంది, కొంగు గుప్పిట్లోనే ఉంది. పిన్ని నాకేసి చూసి పెదాల మీద వేలు పెట్టింది. పుస్తకం మొదటికి తిప్పి, ఆ నిద్రపోతున్న పిల్లకి మెల్లగా మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.