తొమ్మిదో శుక్రవారం

1943 అక్టోబర్ 1, శుక్రవారం, ఉదయం ఐదున్నర. పానగల్లుకు రెండు కోసుల దూరంలోని మా ఊరి చర్చిలో మొదటి గంట మోగుతుండగా నా పగ మొదలైంది. మొన్న ఆదివారం పూజలో, దివ్యసత్ప్రసాదానికి వరుసలో నిలబడబోతూ మా మునిమనవరాలు సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగితే, ఆ గంట మళ్లీ నా చెవుల్లో మోగింది. నీళ్లు తాగితే ఇప్పుడు తప్పు లేదట.

మన కాలం వాళ్లకు చెప్పనక్కరలేదు, అర్ధరాత్రి దాటాక చుక్క నీరు గొంతు దిగినా ఆ పూట ప్రసాదం లేదు. వరుసగా తొమ్మిది నెలలు, నెలలో మొదటి శుక్రవారం ప్రసాదం తీసుకున్నవారు చివరి ప్రసాదం అందకుండా కన్నుమూయరని మాకు నేర్పారు; ఒక్కటి తప్పినా మళ్లీ మొదటినుంచే. పదకొండేళ్ల నేను ఫిబ్రవరి 5న మొదలుపెట్టి, గోడమీద ఎనిమిది బొగ్గు గీతలు గీసి, పుణ్యాత్మురాలిని కావడానికి ఇంకొక్క గీతే మిగిలిందని నమ్ముకుని ఉన్నాను.

మా ఇంట్లోనే ఉండే మేనత్త, ఆ ఆగస్టులో మా తమ్ముడికి అమ్మవారు పోస్తే పోచమ్మకు బోనమెత్తింది. తమ్ముడు బతికాడు. నేను వెళ్లి ఫాదరుగారికి చెప్పాను. అందరి ముందూ మోకరిల్లి తప్పు ఒప్పుకునేదాకా ప్రసాదం లేదని ఆయన ఆమెను ఆపేశారు. ఆమె మోకరిల్లలేదు.

ఆ శుక్రవారం అత్త నాకు చెంబు అందించి, "జర నోరు పుక్కిలించు పోరీ, దేవుని ముందట గబ్బు నోటితోని నిలబడ్తవా?" అంది. నోటినిండా నీళ్లు పోసుకోగానే వీపుమీద ఒక్క చరుపు చరిచింది. గుటుక్కున మింగాను.

"మింగినవా! నా ముచ్చట ఫాదరుకు మోసినవు గదా, గిది గూడ మొయ్యి," అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అత్తను క్షమించి మళ్లీ మొదలుపెట్టమన్నారు ఫాదరుగారు. క్షమించలేదు, మొదలుపెట్టలేదు. ఆమె వండింది తింటూనే నాలుగేళ్ల ఐదు నెలలు ఆమెతో మాట్లాడలేదు.

1948 మార్చి 4, గురువారం మధ్యాహ్నం, జ్వరంతో పడివున్న అత్త నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, పానం పోతాంది. ఫాదరును జర పిలువు. మోకాళ్ల మీద ఉంటనని చెప్పు."

ఇంట్లో నేనొక్కదాన్నే. ఫాదరుగారు ఉండేది కోసు దూరంలోని పక్క ఊళ్లో. పోయి రావడానికి గంటన్నర.

"రేపు మొదటి శుక్రవారమే గద అత్తా, ఆయనే వస్తడు. అందాక చుక్క నీళ్లు గూడ తాగకు," అన్నాను. చావుబతుకుల్లో ఉన్నవారికి ఆ ఉపవాసం అక్కరలేదని నాకు తెలుసు.

పొద్దుగూకాక నాయిన నీళ్లు పోయబోతే, "వద్దు తమ్మీ, పొద్దుగాల ఫాదరు వస్తడు, ఉపాసమున్న," అని పెదవులు బిగించింది. తెల్లవారి మొదటి గంట మోగకముందే పోయింది.

క్షమించావా అని ఇప్పటికీ ప్రతి కొత్త ఫాదరూ అడుగుతారు. లేదంటాను. మునిమనవరాలు తడిపెదవులతో ప్రసాదం తీసుకుని వచ్చేదాకా బెంచీ మీదే కూర్చుంటాను.

పోయినవి ఇవి. అత్తకు, నాలుగేళ్ల ఏడు నెలల ప్రసాదం, చివరిదానితో సహా. తమ్ముడికి, బోనమెత్తిన మనిషి. నాకు, తొమ్మిదో శుక్రవారం, దాని తరువాతివన్నీ. కారణం, ఒక గుక్క నీళ్లు.